అన్నయ్య నంబరు

వదినా,

మొన్న మీరడిగితే, అన్నయ్య మట్టి లేకుండా నీళ్ళలో లెట్యూస్ ఆకుకూర పెంచే గది బాగానే ఉందన్నాను. అబద్ధం. ఆకులన్నీ అంచుల నుంచి మాడిపోయాయి. అన్నయ్య తన చేత్తో వేసిన విత్తనాల్లో ఒక్క మొక్కా మిగల్లేదు.

అన్నయ్య పోయాక ఆ గదిలో కాలు పెట్టలేకపోయాను. మిషనుందిగా, నీళ్ళలో ఎరువు అదే కలుపుకుంటుందిలే అనుకున్నాను. దాని గొట్టం వాల్వు ఒకటి సరిగ్గా మూసుకోక ఎరువు ఎక్కువైంది. పాపం, అది ఊరుకోలేదు. "ఎరువు ఎక్కువైంది, వచ్చి చూడండి" అని నాలుగు రోజులు మెసేజీలు పెట్టినట్టు దాని తెర మీద ఉంది. అన్నీ అన్నయ్య నంబరుకే.

మిషనులో అన్నయ్య నంబరు బదులు నా నంబరు ఎక్కిద్దామని అంతకుముందే మూడుసార్లు కూర్చున్నాను. అన్నయ్య పేరు తీసెయ్యడానికి చేతులు రాలేదు.

మీ బీరువాలో ఉన్న అన్నయ్య ఫోను ఎప్పుడైనా ఆన్ చేస్తే వరసగా మోగుతుంది. బెదిరిపోకండి. అన్నయ్య లేడని మిషనుకి ఇంకా ఎవరం చెప్పలేదు.

మీ మరిది