గీత తిరిగే చోట

మార్చి 19, మంగళవారం. బ్లూమ్‌ఫాంటైన్, దక్షిణాఫ్రికా

పరీక్ష కోసం ప్రింట్ చేసిన టైటానియం కడ్డీ మళ్ళీ విరిగింది. పది లక్షల సార్లు వంచినా నిలవాలి. నలభై వేలకే పోయింది. మూడోదీ విరిగితే కృత్రిమ దవడ ఆర్డరు బెల్జియం వాళ్ళకు ఇచ్చేస్తామన్నారు ప్రొఫెసర్ స్ట్రైడమ్. అక్కడి నుంచి రావడానికి నాలుగు నెలలు.

దవడ, ఊళ్ళో నాకు చదువు చెప్పిన మదితాబా టీచరుకు. గడ్డ లేచి ఎడమవైపు ఎముక తీసేశారు. కొలతలకు వచ్చినప్పుడు కాగితం మీద రాసి చూపించింది: గంజి తాగీ తాగీ నా పళ్ళు పని మర్చిపోతున్నాయి, త్వరగా కానియ్యి పిల్లా.

మార్చి 22

ప్రింటర్‌లో లేజర్ తాకిన చోట టైటానియం పౌడర్ కరిగి, వెంట్రుకంత మడుగు అవుతుంది. అది మరీ లోతైతే ఆవిరి బుడగ అడుగున చిక్కుకుని, గట్టిపడ్డాక రంధ్రం మిగులుతుంది. మొదటి కడ్డీలో అంచు వెంట అవే, వరసగా. భయపడి అంతటా లేజర్ పవర్ తగ్గించాను. రెండోదాంట్లో నడుమ పౌడరే సరిగా కరగలేదు. తప్పు నాదే.

మా ఇంట్లో బడి ముఖం చూసింది నేనొక్కదాన్నే. ఇంటికి ఏ ముఖంతో వెళ్ళను?

మార్చి 30, ఊళ్ళో

వెళ్ళాను. ఈస్టర్‌కి అవ్వ గోడలకు మట్టీ పేడా మెత్తుతోంది. తడి ఆరకముందే ఫోర్కుతో పొలం చాళ్ళలా గీతలు గీయాలి. నాకో గోడ ఇచ్చింది. గీసినంతా బాగుంది, తిరిగిన ప్రతిచోటా గుంట.

అవ్వ చూసి, పరిగెత్తుకుంటూ పోతావు, తిరిగేప్పుడు ఆగుతావు, ఆగినచోట చెయ్యి దిగదా మరి అంది. గోడ దాటేదాకా పోనియ్యి, గాల్లో తిరుగు, తర్వాత ఆనించు. ఇన్నేళ్ళ చదువులో చెయ్యెత్తడం ఎవరూ నేర్పలేదా తల్లీ అంది.

లేజర్ కూడా అంతే. పౌడర్ మీద గీతలు గీస్తూ పోయి, గీత చివర తిరగడానికి నెమ్మదిస్తుంది, వెలుగు మాత్రం ఆగదు. మడుగు అక్కడే లోతవుతోంది.

ఫోర్కు పడేసి ఫోన్ తీశాను. ముందు గోడ అంది అవ్వ. గోడ పూర్తిచేశాను.

ఏప్రిల్ 2

మలుపులో లేజర్ ఆపే సెట్టింగ్ మెషీన్‌లో ముందే ఉందట. టైం కలిసొస్తుందని రెండేళ్ళ కింద తానే తీసేసి మర్చిపోయానన్నారు ప్రొఫెసర్. నీకెవరు చెప్పారన్నారు. మా అవ్వ అన్నాను. ఏ యూనివర్సిటీ అన్నారు. గోడ ఫొటో చూపించాను. ఫొటో పెద్దది చేసి మలుపులు చూశారు.

ఏప్రిల్ 11, ఉదయం 6:10

మూడో కడ్డీ, మలుపుల్లో లేజర్ ఆపి చేసింది. పది లక్షలు. విరగలేదు.

జూన్ 20

కొత్త దవడ పెట్టాక మదితాబా టీచర్ వాయిస్ మెసేజ్ పంపింది. మాట ఇంకా ముద్దగానే ఉంది, ఆపిల్ కొరికిన చప్పుడు మాత్రం శుభ్రంగా వినపడింది. తర్వాత ఒకటే మాట: విన్నావా పిల్లా. పదకొండుసార్లు విన్నాను.

నవంబర్ 3, ఊళ్ళో

థీసిస్‌లో ఆ పద్ధతి ఎవరు నేర్పారో చెప్పేచోట అవ్వ పేరు రాశాను. ప్రొఫెసర్ కొట్టెయ్యలేదు.

అవ్వకు చదవడం రాదు. పేరు ఎక్కడుందో చూపిస్తే, దాని మీద వేలు ఆనించి మెల్లగా నడిపింది. కాగితం అంచు దాటాక ఎత్తింది.