అంకె లేని గొట్టం

ఖమ్మం,
14 నవంబరు 2024.

ప్రియమైన ప్రమీలకు,

నాగలత నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయాలి కదా, చెయ్యి రావడం లేదు. క్షేమమేనా అని అడుగుతున్నాను. నిన్నటి నుంచి నీ ఫోన్ మోగితే ఒట్టు. భద్రాచలం దాటి అడవిలోకి వెళ్లాక టవరూ ఉండదు, నర్సుగా నువ్వు గుట్టలెక్కి తిరగడమూ మానవు. అందుకే మా ల్యాబు డ్రైవరు లచ్చిరాం చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. మీ ఊళ్లో మేం వదిలేసిన ఐసుపెట్టెలు తేవడానికి వస్తున్నాడు.

కుదురుగా కూర్చుని రాయలేకపోతున్నాను. ఒక వాక్యం రాయడం, లేచి ఆ రిపోర్టు మళ్లీ చూడటం, వచ్చి కూర్చోవడం. టీ చల్లారి మీగడ కట్టింది.

సంగతి ఇదీ. ఇప్పనూనె తినేవాళ్ల ఒంట్లో కొవ్వు ఎలా కరుగుతుందో, గుండెకు అది మేలో కీడో చూద్దామని మీ ఊళ్లో రక్తం తీసుకున్నాం కదా. ఆ గొట్టాల్లో ఒకదాని మీద అంకె లేదు. సరిగ్గా ఆ రక్తంలోనే చెడు కొవ్వు ఉండాల్సినదానికి మూడింతలు దాటి ఉంది. యంత్రం తప్పేమోనని మళ్లీ మళ్లీ పరీక్షించాను. తప్పు కాదు. ఇది తిండి వల్ల వచ్చింది కాదు, వంశంలో దిగేది. రక్తంలోని కొవ్వును కాలేయం లాగేసుకోవాలి; ఈ మనిషి కాలేయానికి పుట్టుకతోనే ఆ పట్టు లేదు. ఇలాంటివాళ్లు సన్నగానే ఉంటారు, గుట్టలూ ఎక్కుతారు. ఒకరోజు ఉన్నట్టుండి గుండె ఆగిపోతుంది. మందులున్నాయి, హాయిగా బతకొచ్చు. ముందు ఆ మనిషికి తెలియాలి కదా! నా ఆరాటమంతా దానికే.

మధ్యలో మీ ఊరివాళ్లు గుర్తొచ్చి నవ్వూ వస్తోంది. పగిడయ్య తాత ఊరి పెద్ద అయ్యుండీ సూది చూడగానే, మా నెత్తురు పట్నంల అమ్ముకుంటరా ఏంది అని నిలదీశాడు. నువ్వు నచ్చజెప్పకపోతే మమ్మల్ని వెళ్లగొట్టేవాడే. ఆశా కార్యకర్త కొండమ్మ మాత్రం హుషారుగా అంకెల చీటీలు తనే అంటిస్తానంది. ముందురోజు కొత్తల పండుగలో ఆమె వడ్లు కొలవడం చూశాను. మొదటి కుంచం వేల్పుది, దాన్ని లెక్కల పెట్టొద్దు బిడ్డా అని పక్కన పోసి, రెండో కుంచం దగ్గర ఒకటి అని మొదలుపెట్టింది. ఎంత ముచ్చటేసిందో. అన్నట్టు, నీకిచ్చిన బూట్లు మడమ వెనక కొరుకుతున్నాయన్నావు కదా, పెద్దవి కొని ఉంచాను.

నాకో మాట ఇవ్వు ప్రమీలా. ఆ మనిషి ఎవరో తేలగానే లచ్చిరాం బండిలో ఖమ్మం పంపించు. సాకులు చెబుతారు. నాకేమైంది, రాయిలెక్క ఉన్న అంటారు. పనులున్నయ్, వచ్చే వారం పోత అంటారు. వినకు. టీబీ మందులు మింగనని మొరాయించిన తండా సక్రిని ఎలా దారికి తెచ్చావో, అలాగే రెక్క పట్టుకుని బండి ఎక్కించు. నీ మొండితనం మీద ఉన్న నమ్మకం నాకు మా యంత్రాల మీద కూడా లేదు.

హాస్టల్లో నీ పక్కమంచం,
నాగలత

తా.క.: ఐసుపెట్టెలేవీ అక్కడ లేవు. లచ్చిరాం వాటికోసం రాలేదు.

నిన్న కొండమ్మ మీటింగుకని భద్రాచలం వస్తే ఫోన్లో దొరికింది. అన్నిటికీ చీటీలు అంటించి ఒక్కదాన్ని ఎందుకు వదిలేశావని అడిగాను. మొదటిది లెక్కల పెడ్తమా అని నన్నే ఎదురడిగింది. ఊరంతా వెనక్కి తగ్గితే, మొదలు నాది తియ్యి, వీళ్లు చూస్తరు అని చెయ్యి చాపి కూర్చున్నది నువ్వే కదే.

ఆ బూట్లు చిన్నవై కొరకడం లేదు. వాగు దాటేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని నా ముందు నడిచావు. నీ మడమల వెనక స్నాయువులు రెండూ లావెక్కి గడ్డల్లా ఉన్నాయి. అక్కడ చేరింది ఆ కొవ్వే. మీ నాన్న మిరపచేలో కూలిపోతే అందరూ ఎండదెబ్బ అన్నారు. అది ఎండదెబ్బ కాదేమో.

మొదటి వరుసలోనే నీ పేరు రాస్తే ఉత్తరం మడిచి సంచిలో పడేసి డ్యూటీకి పోతావు. ఇంకొకరి కోసమంటేనే పరుగెత్తుతావు. అందుకే పైనంతా తెలియనట్టు రాశాను. నాకు చాలా భయంగా ఉంది ప్రమీలా. ఎవర్నీ వెతకకు. సక్రిని పట్టుకున్నట్టే నీ రెక్క నువ్వే పట్టుకుని బండి ఎక్కు. నువ్వు ఎక్కేదాకా ఇంజను ఆపొద్దని లచ్చిరాంకు చెప్పాను.