గోడపచ్చ ఆకు మీద మొదటి పేరు

ఔషధ మొక్కల పరిశోధనశాలలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన నేను, అరవై తొమ్మిదేళ్ల వయసులో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి స్పృహతో రాసుకుంటున్న వీలునామా ఇది. ఎల్లుండి నాకు గుండె ఆపరేషన్. నా మతి స్థిమితంగానే ఉంది. పొద్దున్నుంచి నవ్వు ఆగకపోవడం మతి చలించడం కిందికి రాదని ఎదురింటి డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతచేశాను.

1. నా తదనంతరం నా మైక్రోస్కోపు, కిటికీ పక్క బల్ల, బాల్కనీలోని పదకొండు కుండీలు నా తమ్ముడి కూతురికి సర్వహక్కులతో చెందాలి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. అదే పరిశోధనశాలలో ఇప్పుడు నా కుర్చీలో కూర్చుంటోంది. ఈ ఉదయం ఏడింటికి ఫోన్ చేసి "అత్తా, చచ్చాయత్తా, అన్నీ చచ్చాయి!" అని అరిచింది. ఆపరేషన్ దాకా ఆగకుండా నా గుండె అక్కడే ఆగాల్సింది. చచ్చినవి పుండును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు. చంపింది పాత గోడల మీద మొలిచే గోడపచ్చ ఆకు.

2. ఈ అంశంలో ఆస్తి ఏమీ లేదు, సంగతి మాత్రమే ఉంది. లాయరు గారు విసుక్కోకూడదు. ఇరవై రెండేళ్ల క్రితం మొక్క కోసం గోడెక్కి, జారిపడి మోకాలు చీల్చుకున్నాను. మార్కెట్ వెనక రేకుల గదిలో మూలికలమ్మే పసరుమామ్మ ఈ ఆకు నమిలి కట్టింది. నాలుగు రోజుల్లో మానింది. నేనేమో సైన్సు చదివినదాన్నాయె! ఆకును ఓవెన్‌లో ఎండబెట్టాను, పొడి కొట్టాను, మరిగించాను, పరీక్ష పెట్టాను. సూక్ష్మజీవులు ఆ కషాయం తాగి మరింత బలిశాయి. ఎన్నిసార్లు వెళ్లి అడిగినా మామ్మది ఒకటే మాట: "నమలవే పిల్లా." ఎంగిలి వ్యవహారమని నోటుపుస్తకంలో ఆ మాటను నేనే కొట్టేశాను. మొన్న నా మేనకోడలు ఆ కొట్టివేత కింద అక్షరాలు చదివింది. పచ్చి ఆకును నలిపి అప్పటికప్పుడే పరీక్ష పెట్టింది. కోస్తేనే ఉల్లిపాయ ఘాటు పుట్టినట్టు, ఈ ఆకులో మందు నలిగినప్పుడే పుడుతుందట. ఎండితే పుట్టదు. ఎంగిలి అక్కర్లేదు, నలిపితే చాలు.

3. "ముసలమ్మ కబుర్లకి గాజుసామాను దండగ" అంటూ నా సీసాలు చెత్తలో పోయించిన పాత డైరెక్టరు గారికి నా ఆరు నోటుపుస్తకాలు ఇవ్వాలి. ఒక్క పేజీ వదలకుండా చదవాలి. ఆయన్ని తిట్టుకుంటూ ఇన్నేళ్లు హాయిగా బతికాను. తీరా చూస్తే తప్పు నా కలానిది. అందుకని పరిహారంగా నా కొత్త గొడుగు కూడా ఆయనకే.

4. బంధువులందరికీ నన్ను "గడ్డి పీకే అక్క" అని పరిచయం చేసిన తమ్ముడికి ఓవెన్ చెందాలి. వానాకాలంలో మేజోళ్లు ఆరబెట్టుకోవచ్చు. ఆకుల కంటే వాటికే బాగా పనికొస్తుంది.

5. గోడపచ్చ పరిశోధనలో నాకున్న యావత్తు హక్కులూ, అచ్చయ్యే పత్రంలో మొదటి పేరూ పసరుమామ్మకు దఖలు పరుస్తున్నాను.

పై అంశం కొట్టివేయడమైనది. కారణం ఇది. మధ్యాహ్నం ఒక కాలికి ఒక రకం, రెండో కాలికి ఇంకో రకం చెప్పు వేసుకుని ఆమె గదికి పరిగెత్తాను. విషయం విని, "ఇరవై రెండేళ్లా? పళ్లొచ్చిన పిల్లలు రెండు నిమిషాల్లో నమిలేస్తారే!" అంది. వీలునామా సంగతి చెబితే తాను సాక్షిగా ఉంటానంది. ఆస్తి పొందేవాళ్లు సాక్షులు కాకూడదని లాయరు గారు ఫోన్లో చెప్పారు. "అయితే నాకేం వద్దు. నీ పేరు పక్కన వేలిముద్ర వేస్తా, అంతే" అంది. నాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, మళ్లీ నవ్వొచ్చింది. చచ్చాక ఇవ్వడమెందుకు, బతికుండగానే ఇచ్చేస్తే పోలా! తిన్నగా పరిశోధనశాలకు వెళ్లి, అన్నీ ఈ రోజే ఆమె పేర రాసిచ్చి, కొత్త డైరెక్టరమ్మ చేత సంతకం చేయించుకుని వచ్చాను. కనుక ఈ వీలునామా ద్వారా ఆమెకు దక్కేది సున్నా.

6. ఎల్లుండి నా గాటు మీద ఏం కట్టాలన్న విషయమై పసరుమామ్మకూ ఎదురింటి డాక్టరుకూ నా వంటింట్లో ఇప్పటికే వాదన మొదలైంది. ఎవరు నెగ్గుతారో చూడ్డానికైనా లేచి రావాలని నిశ్చయించుకున్నాను.

తేదీ: 14 మార్చి 2024, గురువారం, సాయంత్రం నాలుగున్నర.

(సంతకం) రాసుకున్న మనిషి

సాక్షులు:
ఎదురింటి డాక్టరు (సంతకం)
పసరుమామ్మ (ఎడమచేతి బొటనవేలి ముద్ర; సిరా నల్లదే గానీ ముద్ర పచ్చగా పడింది)