నాన్న చెప్పమన్న మాట

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ అల్లుడూ, చంటిదీ కులాసాగానే ఉన్నాం. చంటిదానికి పై పాలపళ్ళు ఊడాయి. నవ్వితే అచ్చం తాతే అంటున్నారు ఈయన. నీ మోకాలి నొప్పి సంగతి ఎన్నిసార్లు అడిగినా దాటేస్తున్నావు. ఈసారైనా చెప్పు.

నాన్న నిన్ను "ఏమండీ, మీరెవరింటి వాళ్ళు?" అని అడిగాడని రాశావు. నువ్వు "మీ ఇంటిదాన్నే" అన్నావట. చదివి నవ్వాను. తర్వాత చాలాసేపు ఏ పనీ చేతకాలేదు.

"ఎప్పుడో కరెంటు స్తంభం మీంచి పడ్డ దెబ్బ. కుట్లు మానాయి, మీ నాన్న మళ్ళీ డ్యూటీకి వెళ్ళాడు. ఇన్నేళ్ళకి ఇదేమిటే? నువ్వు చేసే పని ఇదేగా, నాకర్థమయ్యేట్టు చెప్పు" అన్నావు.

ఒంట్లో చాలా కణాలు ఒకటి రెండవుతూ ఉంటాయి. నాన్న నెత్తి మీది గాయం పూడింది అందుకే. మెదడులోని నరాల కణాలు అలా కాదు. ఎదిగాక రెండు కావడం మానేసి, ఉన్న పనిలోనే ఉండిపోతాయి. గట్టి దెబ్బ తగిలితే వాటిలో కొన్ని ఆ రెండయ్యే పని మళ్ళీ మొదలుపెడతాయి. పూర్తి చేయలేవు, వెనక్కీ రాలేవు. చివరికి చచ్చిపోతాయి. మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ళ మెదడులోనూ ఇలాంటి కణాలు కనిపించాయి. దెబ్బ నుంచి జబ్బుకు దారి ఇదేనా అని మా ల్యాబులో వెతుకుతున్నాం. అలా మొదలుపెట్టకుండా ఆపే మందు వేస్తే ఎలుకల్లో కొన్ని కణాలు బతుకుతున్నాయి. నాన్నకు పనికొచ్చే మందు మాత్రం ఇంకా లేదమ్మా.

ఈమధ్య గాలివాన వెలిసిన సాయంత్రాలు తెగ గుర్తొస్తున్నాయి. క్వార్టర్సంతా చీకటి. నాన్న నన్ను సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, కటింగ్ ప్లేయర్ నా ఒళ్ళో పెట్టి, లైను వెంట తీసుకెళ్ళేవాడు. నన్ను దూరంగా నిలబెట్టి స్తంభం ఎక్కేవాడు. వీధి ఒక్కసారిగా వెలిగితే ఇళ్ళల్లోంచి పిల్లలు హో అని అరిచేవాళ్ళు. ఆ అరుపు నాకోసమే అన్నట్టు తలెత్తుకుని నడిచేదాన్ని. ఇంటికొస్తే నువ్వు ఇద్దర్నీ తిడుతూనే ఒకే తువ్వాలుతో తలలు తుడిచేదానివి.

ఇక అసలు సంగతి. పోయినసారి నేను వచ్చినప్పుడు నువ్వు స్నానానికి వెళ్ళావు. నాన్న ఆ పూట తేటగా ఉన్నాడు. నా పని గురించి అడిగి, "మీకు మనుషుల మెదళ్ళు దొరుకుతాయా?" అన్నాడు.

"పోయాక ఇచ్చేవాళ్ళు తక్కువ నాన్నా."

"నాది తీసుకోండి. ఎక్కడ కాలిందో చూడకుండా ఫ్యూజు వేస్తే మళ్ళీ ఎగిరిపోతుంది." స్నానాల గది వైపు చూసి, "మీ అమ్మకి నువ్వే చెప్పు. నాకు భయం" అన్నాడు.

నాకూ భయమే. అందుకే ఇన్నాళ్ళూ నోరు రాలేదు. నువ్వు ఒప్పుకున్నా దాన్ని నేను ముట్టుకోను, మా ల్యాబు మేడంతో చెప్పేశాను. ఒప్పుకోకపోతే నాన్న మాట తోసేశానని కుమిలిపోకు. ఆయనతో కాపురం చేసింది నువ్వు, చివరి మాట నీదే.

జవాబు రాయకు. ఆదివారం నేనే వస్తున్నాను. మధ్యాహ్నం నాన్న కునుకు తీసినప్పుడు వంటింట్లో కూర్చుని మాట్లాడుకుందాం. ఆయన వింటుండగా ఆయన పోయాక జరిగేవాటి గురించి మాట్లాడడం నావల్ల కాదు.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి