వెనక వాకిలి

15 సెప్టెంబర్ 2002, ఆదివారం. ఆళ్ళగడ్డ

మా ఇంట్లో నాకు పొగరని పేరు. ఈరోజు మళ్ళీ అన్నారు. అత్త వచ్చి, డిగ్రీ అయిపాయె గదా మే, ఇంకా ఏం చదువు అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. నోరు పెగల్లేదు, అంతే. నాకు భయమేస్తే పెదవులు బిగుసుకుంటాయి, గడ్డం పైకి లేస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. అత్త అది చూసి, చూడొదినా, మీ ఈశ్వరి నన్ను గడ్డిపరక మాదిరి చూస్తాంది అంది. అమ్మ నవ్వి, పొగరు కాదులే, ధైర్యం, వాళ్ళ నాయన పోలిక అంది. నాయన పేపరు దించకుండానే, ఆ ధైర్యం ఏ పొద్దుకైనా నెత్తిమీదికి తెస్తాది అన్నాడు.

నేను భయస్తురాలినని ఈ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. కుక్క అరిస్తే భయం. కండక్టర్ చిల్లర అడిగితే భయం. ఎవరూ కనిపెట్టలేదు.

రేపు నంద్యాల పోవాలి. లైబ్రరీ సైన్స్. పుస్తకాల దుమ్ము దులపడానికి కూడా కాలేజీ పెట్టినారా అని అత్త ఎగతాళి. దానికి నాకు బాధ లేదు. క్లాసులో అందరి ముందూ సెమినార్ చెప్పాలట. అదీ నా బాధ.

18 సెప్టెంబర్, బుధవారం. నంద్యాల

సంజీవనగర్లో రూము. తోడు సుష్మ, వెలుగోడు పిల్ల, మా క్లాసే. నిద్రలో కూడా మాట్లాడుతుంది. మంచిదే, నేను మాట్లాడే పని తప్పింది.

సంజీవయ్య సార్ ఈరోజు లైబ్రరీ బిల్డింగ్ గురించి చెప్పాడు. గాలి ఎట్లా రావాలి, పుస్తకాల రాకులు ఎట్లా పెట్టాలి, కౌంటర్ ఎక్కడుండాలి. లైబ్రరీకి ఒకటే వాకిలి ఉండాలమ్మా, రెండోది పెట్టినావంటే పుస్తకం ఆడనుంచే పోతాది అన్నాడు. అందరం రాసుకున్నాం. నేను కింద గీత కూడా గీశాను.

ఫస్ట్ టర్మ్‌లో ఎవరి ఊళ్ళో వాళ్ళు ఒక లైబ్రరీలో ప్రాక్టికల్ చెయ్యాలి. ఆ రిపోర్టు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు.

9 అక్టోబర్

సెమినార్. లేచాను. కూర్చున్నాను. మధ్యలో ఏం చెప్పానో తెలియదు.

10 అక్టోబర్

సార్ నా పేరు పక్కన ‘కాన్ఫిడెంట్’ అని రాశాడట. సుష్మ చూసొచ్చింది. మమ్మల్నందర్నీ తిడతాండావేమో అనుకున్యాం మే అంది.

11 నవంబర్, సోమవారం. ఆళ్ళగడ్డ

ప్రాక్టికల్ మొదలు. మా ఊరి రీడింగ్ రూం. సర్కారుది కాదు, కమిటీ నడుపుతుంది. ఈ ఊళ్ళోనే పుట్టాను, ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఈ గడప తొక్కలేదు. ఆడవాళ్ళు ఎవరూ పోరు. లైబ్రేరియన్ యశోదమ్మ ఒక్కతే ఆడమనిషి. మొగుడు చనిపోతే ఆ పని ఆమెకిచ్చారు. పొద్దున పేపర్లు పరుస్తుంది, కుర్చీలో కునుకు తీస్తుంది, సాయంత్రం పేపర్లు మడుస్తుంది.

పొడుగు హాలు. ముందు వాకిలి రోడ్డు మీదికి. వెనక వాకిలి సందులోకి, శిల్పుల షెడ్డు పక్కకు. దినమంతా ఉలి చప్పుడే. ముందొక టేబులు, వెనకొక టేబులు. కొందరు ముందు నుంచి వచ్చి ముందు కూర్చుంటారు, కొందరు వెనక నుంచి వచ్చి వెనక. ఎవరి ఇంటికి ఏది దగ్గరో అట్లా అనుకుంటాను. రిపోర్టులో అట్లాగే రాశాను.

13 నవంబర్

యశోదమ్మ కూతురి కాన్పని డోన్ పోయింది. తాళంచెవులు నా చేతిలో పెట్టింది. పాపా, ఉండేది ఉన్నట్టు ఉండనీ, ఏదీ కదపాకు అని రెండుసార్లు చెప్పింది. సోమరితనం అనుకున్నాను. ఇన్నేళ్ళలో ఆ రాకులు ఒక్కసారి కూడా కదిపినట్టు లేవు.

14 నవంబర్, గురువారం

ఈరోజు నుంచి గ్రంథాలయ వారోత్సవాలు. రాకులు సర్దాను. సగం పుస్తకాలు లేవు. వెనక వాకిలికి బీగం వేశాను. ‘దారి ముందు వైపు’ అని అట్టముక్క మీద రాసి తగిలించాను. రిపోర్టుకు లేఅవుట్ గీశాను, ఒకటే వాకిలి, దాని పక్కన కౌంటర్. చదివింది చెయ్యడం ఇదే మొదటిసారి. సంతోషంగా ఉంది.

15 నవంబర్

వెనక టేబులుకు ఒక్కరూ రాలేదు.

సందులో నలుగురైదుగురు నిలబడి బీగం వైపు చూశారు. ఒకాయన దాన్ని చేత్తో పట్టి లాగి చూశాడు. ఉలి చప్పుడు ఆగిపోయింది. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా చాలాసేపటి దాకా మళ్ళీ మొదలు కాలేదు.

16 నవంబర్, శనివారం

నాయన మధ్యాహ్నమే అంగడి మూసి వచ్చాడు. ఎరువుల అంగడి, విత్తనం పడే ఈ దినాల్లో. చెప్పులు విడవకుండానే, వెనక వాకిలికి బీగమేసింది నువ్వేనా అని అడిగాడు. ఔనన్నాను. ఎవురు ఎయ్యమన్యారు? మా సార్ చెప్పినాడు. నాయన తాగబోతున్న నీళ్ళ చెంబు కింద పెట్టేశాడు.

తర్వాత చెప్పాడు. ముందు నుంచి వచ్చేది ఓబులేసు మనుషులు. వెనక నుంచి వచ్చేది సుబ్బరాయుడి మనుషులు. ఎవరూ రాసిపెట్టలేదు, కొట్లాటలు మొదలైనప్పటి నుంచీ అంతే. పగ ఉన్నవాడు ఒకటే వాకిలుండే చోట కూర్చోడు. టీ హోటలైనా, పెండ్లి ఇల్లైనా, రెండో దారి చూసుకునే కూర్చుంటాడు. నువ్వు పుస్తకం పోతాదని బీగమేస్తివి, మనిషి పోతాడని వాళ్ళు అనుకుంటాండారు అన్నాడు.

ఇది మొగవాళ్ళందరికీ తెలుసు. పదేళ్ళ పిల్లోళ్ళకూ తెలుసు. నేను ఆ గడప ఎప్పుడూ తొక్కలేదు గదా.

మా అంగడికి రెండు వర్గాలూ వస్తాయి. నాయన ఎవరి టీ కూడా తాగడు, ఎవరి పెండ్లికీ పోడు, చదివింపు కట్నం మాత్రం ఇద్దరికీ పంపుతాడు. ఇన్నాళ్ళు ఏ వైపూ కాకుండానే బతికాం. నేనొక బీగం వేసి మమ్మల్ని ఓబులేసు వైపు నిలబెట్టాను.

17 నవంబర్, ఆదివారం

సుబ్బరాయుడు అంగడికి వచ్చాడట. యూరియా బస్తా మీద కూర్చుని, ఎవురు మూపిచ్చినారప్పా అని నెమ్మదిగా అడిగాడట. మా పాప చదువులో అట్లా ఉందంట అన్నాడు నాయన. వాకిళ్ళు మూసేదానికి కూడా చదువుందా అని నవ్వి, ఏమీ కొనకుండా లేచిపోయాడట. నాయన ఇది చెబుతూ తనూ నవ్వబోయాడు. రాలేదు.

రేపు పొద్దున్నే బీగం తీసేస్తాను.

18 నవంబర్, సోమవారం

తీయలేదు. నేను పోయేటప్పటికే ఓబులేసు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పెద్దాయన, తెల్లచొక్కా, జేబులో కళ్ళజోడు. మా ఇస్కూలు అయ్యవారి మాదిరి ఉన్నాడు. మైసూరుపాకు డబ్బా కౌంటర్ మీద పెట్టాడు. మంచి పని చేస్తివి పాపా, మీ నాయన మనోడని నాకిన్నాళ్ళూ తెలీకపాయ అన్నాడు.

కాదు అని చెప్పాలి. నేను ఎవరి కోసమూ వెయ్యలేదు, పుస్తకాల కోసం వేశాను అని చెప్పాలి. లోపల అంతా సిద్ధంగా ఉంది. పెదవులు బిగుసుకున్నాయి. గడ్డం పైకి లేచింది.

ఆయన నన్ను చూసి, గట్టిదే అని పక్కవాడితో అన్నాడు.

19 నవంబర్

మైసూరుపాకుకు చీమలు పట్టాయి. ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. పారెయ్యడానికీ భయమే.

22 నవంబర్, శుక్రవారం

సోమవారం సాయంత్రం రీడింగ్ రూం కమిటీ మీటింగు. ఏడాదికొకసారి. రెండు వైపులా మెంబర్లున్నారు. రాకపోతే మెంబర్‌షిప్ పోతుంది కాబట్టి సుబ్బరాయుడు కూడా వచ్చి తీరాలి. మీటింగని యశోదమ్మ నాకు చెప్పనే లేదు. ఓబులేసు మనిషి వచ్చి చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. అంతవరకూ ఆ బీగం తీయాకమ్మా, తీస్తే మీ నాయన్ను అడగాల్సొస్తాది.

చాలా మర్యాదగా చెప్పాడు. అమ్మా అన్నాడు.

సుబ్బరాయుడికి తప్పించుకునే దారి ఉండకూడదన్నమాట. నాయనకు చెప్పాను. పోలీసులు? ముందు మనల్నే పిలుస్తారు అన్నాడు. సుబ్బరాయుడికి చెబుదాం? చెప్తే ఆయప్ప ఒట్టి చేతుల్తో వస్తాడా అన్నాడు. తాళంచెవులు నాకిచ్చి నువ్వు నంద్యాల పో పాపా, ఏమైనా కానీ నువ్వు ఊళ్ళో ఉండాకు అన్నాడు. అమ్మ వంటింట్లో నుంచి, ఉండేది ఉన్నట్టు ఉండనీమని ఆ యశోదమ్మ చెప్పింది గదా అని ఏడ్చింది.

తాళంచెవులు ఇవ్వలేదు. ఇస్తే బీగం వేసింది నాయనే అవుతాడు.

23 నవంబర్

బీగం తీస్తే మళ్ళీ వేస్తారు. వాళ్ళ దగ్గర బీగాలకు కొదవ లేదు. పొద్దుటి నుంచీ ఇదే ఆలోచన. అన్నం పోలేదు. వాకిలి తెరవడం చాలదు.

24 నవంబర్, ఆదివారం. సాయంత్రం, నంద్యాల

పొద్దున పదింటికి, బజారంతా జనం ఉన్నప్పుడు, వడ్రంగి సామ్యేలును పిలుచుకొచ్చాను. చెదలు పట్టింది, తలుపు ఊడదీయాలి అన్నాను. సామ్యేలు తట్టి చూసి, ఇది టేకమ్మా, దీనికి చెదలు పట్టే లోపల నీకు మనవళ్ళు పుడతారు అన్నాడు. అయినా తియ్యి అన్నాను. నా మొహంలో ఏం చూశాడో, తలుపు బందులు విప్పడం మొదలుపెట్టాడు.

ఉలి చప్పుడు ఆగింది. శిల్పులు అందరూ షెడ్డు బయటికి వచ్చి నిలబడ్డారు. ఓబులేసు మనిషి, నన్ను అమ్మా అన్నవాడే, సైకిలు దిగాడు. ఎవురు తీయమన్యారు అని అడిగాడు.

నేనే అన్నాను. నేనే తీపిస్తాండా.

నా గొంతేనా అనిపించింది. అంతమంది ముందు. కాళ్ళు రెండూ వణుకుతున్నాయి, చీర కాబట్టి కనిపించలేదు. వాడు నా గడ్డం వైపు చూశాడు. సైకిలెక్కి పోయాడు.

తలుపు అక్కడే పెడితే మళ్ళీ బిగిస్తారు. ఇద్దరు శిల్పులు ఏమీ అడగకుండా చెరో పక్క పట్టి బస్టాండుకు మోసుకొచ్చారు. నంద్యాల బస్సు టాపు మీద వేశాం. కండక్టర్ నిచ్చెన ఎక్కి తాడు కడుతూ, వాకిలిని యాడికి తోలుకపోతాండావమ్మా అని అడిగాడు. చదువుకు అన్నాను. లగేజీ టికెట్ కొట్టాడు. శిరివెళ్ళ దగ్గర బస్సు ఆగిపోతే, ఎవరో ఆపారనుకుని సీటు కింద దూరబోయాను. గొర్రెల మంద అడ్డం వచ్చింది.

తలుపు ఇప్పుడు మా రూములో గోడకు ఆనించి ఉంది. సుష్మ చుట్టూ తిరిగి చూసింది. పచ్చడి తెస్తావనుకుంటే వాకిలి తెస్తివే అంది. తర్వాత నా చేతులు పట్టుకుని చూసి ఊరుకుంది. మొదటిసారి ఊరుకుంది.

25 నవంబర్, సోమవారం

రిపోర్టు సార్‌కి ఇచ్చి వచ్చినప్పటి నుంచీ ఎస్టీడీ బూత్ దగ్గరే. లైన్ కలవలేదు.

సాయంత్రం 6. కలవలేదు.

26 నవంబర్, మంగళవారం

అమ్మ మాట్లాడింది. మీటింగు జరిగింది. సుబ్బరాయుడి మనుషులు సందులోంచి వచ్చి, తలుపు లేని గుమ్మం చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని లోపలికి పోయి వెనక టేబులు దగ్గర కూర్చున్నారట. ఓబులేసు మనుషులు ముందు కూర్చున్నారట. పోయిన ఏటి తీర్మానాలు చదివారట. టీ చల్లారకముందే లేచిపోయారట. ఏమీ కాలేదు పాపా, ఏమీ కాలేదు అని అమ్మ అదే మాట చెబుతూ ఉంది.

అంగడికి మాత్రం రెండు వైపుల నుంచీ ఎవరూ రావడం లేదు.

29 నవంబర్, శుక్రవారం

నాయన వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, తలుపు పక్కన నిలబడ్డాడు. మధ్యలో పెద్దమనుషులు మాట్లాడారట. ఆదివారం రెండు వర్గాలూ అహోబిలం వస్తాయి. స్వామి ఎదుట నేను ప్రమాణం చెయ్యాలి. మూసిందీ తెలీక, తీసిందీ తెలీక, ఆడపిల్ల, తప్పయింది అని. అప్పుడు ఎవరికీ ఎవరి మీదా అనుమానం ఉండదు. సామ్యేలు తలుపు మళ్ళీ బిగిస్తాడు. అంగడికి మనుషులు వస్తారు. నేను కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండాలి, మంగళవారం మొదలయ్యే పరీక్షలు కూడా రాయకుండా. ఏమీ తెలీనిదానికి పరీక్షలేంది అని ఎవరో అన్నారట. వచ్చే ఏడు రాసుకుందువులే పాపా అన్నాడు నాయన.

పెదవులు, గడ్డం, మామూలే. ఆయన నా గడ్డం వైపు చూశాడు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి, భయపడాకు అన్నాడు.

ఇరవై రెండేళ్ళకు ఒకరు కనిపెట్టారు. ఆయన బస్సెక్కే దాకా ఏడుపు ఆపుకున్నాను.

30 నవంబర్

తెలీక తీశానని నేను చెబితే, తెలిసినవాళ్ళు మళ్ళీ బిగిస్తారు. వచ్చే ఏడూ మీటింగుంటుంది.

నాయన అంగడే గుర్తొస్తోంది. బస్తాల మధ్య ఒక్కడే కూర్చుని ఉంటాడు. ఆ అంగడికీ ఒకటే వాకిలి.

1 డిసెంబర్, ఆదివారం. పొద్దున 6

అహోబిలం బస్సు పోయింది. ఎక్కలేదు.

మూసింది తెలియక. తీసింది తెలిసే. ప్రమాణం చెయ్యను. తలుపు ఇవ్వను. ఎల్లుండి పరీక్ష రాస్తాను.