అరవై మూడు ‘లేదు’లూ నా చేతిరాతే

సూరత్, లింబాయత్ నివాసి, కీర్తిశేషులు దూస రాములు గారి భార్య, డెబ్బై నాలుగేళ్ళ దూస విజయరాణి అనే నేను, తెలుగు బడిలో ముప్పై రెండేళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన ఉపాధ్యాయురాలిని, నా బుద్ధి నా స్వాధీనంలో ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది. శరీరం సంగతి కూడా రాస్తున్నాను: రక్తపోటు, షుగరు, ఎడమ మోకాలి అరుగుదల, తొమ్మిదేళ్ళుగా పొడి దగ్గు. ఇవి ఎందుకు రాశానో అయిదో అంశంలో తెలుస్తుంది.

2019లో నేను రాసిన వీలునామా రద్దు. అందులో సర్వమూ నా కొడుకు సదానందానికి ఇచ్చాను. అతడు దాని నకలుకు లామినేషన్ చేయించి దాచుకున్నాడట. ఇక తీసి పారేయవచ్చు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత నా మనవరాలు సుమనది. సదానందం కూతురు, వయసు ఇరవై ఆరు, నర్సు. దేశం మొత్తానికీ ఒకటే ఆరోగ్య నిధి ఉండాలని, కట్టగలిగినవాళ్ళు కట్టాలని, ఎవరికి జబ్బు చేసినా ఆసుపత్రికి ప్రభుత్వమే చెల్లించాలని కరపత్రం పట్టుకుని గల్లీ గల్లీ తిరుగుతుంది. మా ఇంట్లో రెండేళ్ళుగా అన్నాల దగ్గర మరో మాట లేదు. “సర్కారు దవాఖానల లైన్ల నిలవడ్డవా ఎన్నడన్న? గా సర్కారుకే అంత అప్పజెప్తవా?” అని తండ్రి. “కంపెనీవాళ్ళు నీ సగావాళ్ళా, చుట్టాలా పప్పా? క్లెయిమ్ అంటే నీ ఫోన్ కూడా ఎత్తరు” అని కూతురు. నేను చెప్పవలసింది ఇప్పుడు చెబుతున్నాను.

2. నా భవిష్యనిధి డబ్బుతో నా పేరిట కొన్న ఇంటిలో, సాంచాలు, అంటే మరమగ్గాలు, అద్దెకు నడుస్తున్న కింది భాగం మా దవాఖాన నిధికి చెందుతుంది. సదానందానికి చెందదు.

ఆ నిధి ఇప్పుడు లేదు గనుక, అదేమిటో రాయాలి. 1989లో, ఊళ్ళు వదిలి సూరత్ వచ్చిన మా తెలుగు నేత కుటుంబాలు అరవై మూడు కలిసి పెట్టుకున్నది. సాంచాలు సొంతంగా ఉన్నవాడు సాంచానికి ఇంత అని కట్టాలి. కూలికి నడిపేవాడు అందులో నాలుగో వంతు. జబ్బు చేసినవాడు వచ్చి అడగకూడదు. పక్క సాంచం నడిపేవాడు వచ్చి అడగాలి. మంచం మీద ఉన్న మనిషి చేయి చాచకూడదని నా భర్త పెట్టిన నియమం. ఏం జబ్బని ఎన్నడూ అడగలేదు. డాక్టరు చీటీ చాలు. ముప్పై మూడేళ్ళు లెక్క నేను రాశాను. కరోనా రెండేళ్ళలో నిధి ఖాళీ అయింది. అప్పుడు కార్యదర్శి నా కొడుకే. “చిన్న నిధి, నిలవది” అని సభను ఒప్పించి దాన్ని మూసివేసి, అందరినీ ఒక బీమా కంపెనీలో చేర్పించాడు.

నిధి చిన్నదన్న మాట నిజం. చిన్నదైతే పెద్దది చేయాలి. చుట్టుపక్కల మనవాళ్ళున్న కడోదరాను కలపాలి, ఇచ్ఛాపూర్‌ను కలపాలి, చివరికి దేశాన్నే కలపాలి. అందరూ ఒకేసారి మంచాన పడితే అరవై మూడు ఇళ్ళు మోయలేవు. అంత పెద్ద దేశం మోయగలదు. అంతే తప్ప, ఎంత తక్కువ చెల్లిస్తే అంత మిగుల్చుకునే వ్యాపారి చేతిలో రోగిని పెట్టడం తెలివి కాదు. అందులో నా కొడుకుకు కమిషన్ ఉన్నదన్న సంగతి సభలో ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

నిధిని తిరిగి తెరిచి, కింది భాగం అద్దె అందులో జమ చేయాలి. సుమన కోరుతున్నది నిజంగా వచ్చిన రోజున ఆ భాగాన్ని అమ్మి, సర్కారు దవాఖానల్లో వరుసలో నిలబడేవాళ్ళకు బెంచీలు వేయించాలి. వరుసలు ఎలాగూ ఉంటాయి.

3. నిధి లెక్కల పుస్తకాలు ముప్పై మూడూ సుమనకు. మొత్తం చదివే వరకూ మైకు పట్టుకోరాదు. ఎవరు వసూలు చేస్తారు, ఆసుపత్రి రెండింతలు బిల్లు వేస్తే ఎవరు తగ్గిస్తారు, ఆపరేషన్‌కు ఎన్ని నెలలు ఆగాలి: ఈ మూడింటికీ నీ కరపత్రంలో జవాబు లేదమ్మా. నువ్వు సేకరించిన సంతకాలు మాత్రం పన్నెండు వందలు ఉన్నాయి.

4. సదానందానికి, బీమా కంపెనీ అతడికి బహుమతిగా ఇచ్చిన గోడ గడియారం. నన్ను అడగకుండా నా గదిలో తగిలించాడు. దాని మేకు కూడా అతడిదే. కామ్‌రేజ్‌లో కొనుక్కున్న ఫ్లాటు అతడికి ఉండనే ఉంది.

5. ఈ అంశం ఆస్తి గురించి కాదు.

2022లో ఆ కంపెనీ ఫారాలు అరవై మూడూ నింపింది నేను. చేతిరాత బాగుంటుందని నా ముందు పెట్టారు. రెండు సాయంత్రాల పని. “జల్ది రాయే అమ్మా, రేపు ఫైల్ పోవాలె. అందరికీ లేదనే పెట్టు” అని సదానందం తొందరపెట్టాడు. అయినా కలం నా చేతిలో ఉంది. ‘ఇంతకు ముందు ఏమైనా జబ్బు ఉందా?’ అన్న ప్రశ్న ప్రతి ఫారంలోనూ ఉంది. మా గల్లీలో కూలికి సాంచాలు నడిపే లస్మయ్యను అడిగాను. “రోగమేముంది టీచరమ్మా? దగ్గే గద! సాంచల కాడ దగ్గనోడు ఎవ్వడున్నడు?” అని నవ్వాడు. నేనూ నవ్వి ‘లేదు’ అని రాశాను. మా ఇళ్ళలో దగ్గు జబ్బు కాదు. మనిషి పనిలో ఉన్నాడనడానికి గుర్తు. యాభై ఏళ్ళు ఆ దగ్గుల మధ్య బతికిన నాకు అది జబ్బని తోచలేదు. నా దగ్గుకూ ‘లేదు’ అనే రాసుకున్నాను; అరవై మూడు ఫారాల్లోనూ అదే జవాబు.

2024 ఆగస్టులో లస్మయ్యకు ఊపిరి ఆడక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. కంపెనీ నాలుగేళ్ళ నాటి ఎక్స్‌రే ఒకటి పట్టుకుని, జబ్బు దాచాడని డబ్బు నిరాకరించింది. సొంత రాష్ట్రంలోని ఊరి నుంచి తెప్పించిన ఆరోగ్య కార్డు ఇక్కడ చెల్లదని కౌంటరులో చెప్పారు. ఎనిమిదో రోజు సర్కారు ఆసుపత్రికి మార్చారు. అక్కడ బాగానే చూశారు, కాని తీసుకువెళ్ళడం ఆలస్యమైంది. పదకొండో రోజు పోయాడు.

ఆ తరువాతి సభలో, మిగిలినవాళ్ళ ప్రీమియం పెరిగిందని గొడవ లేచినప్పుడు, నా కొడుకు నిలబడి, “లస్మయ్య రోగం దాచిండు. నేనేం జేయాలె?” అన్నాడు. అందరూ నమ్మారు. ఏడాది దాటింది, ఇంకా అలాగే అనుకుంటున్నారు. నేను ఆ రోజు రెండో వరుసలో కూర్చుని ఉన్నాను. నోరు తెరవలేదు. పిల్లలు అబద్ధమాడితే బెంచీ ఎక్కించిన మనిషిని నేను.

లస్మయ్య ఏదీ దాచలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తప్పు రాసింది నేను.

6. కోడలు కరుణకు, ఆమె బతికున్నంత కాలం పై భాగంలో ఉండే హక్కు, నా బంగారు గాజులు నాలుగు. ముప్పై ఏళ్ళలో ఆమెను ఒక్కసారీ మెచ్చుకోలేదు. జొన్న గటక నాకన్నా ఆమే బాగా చేస్తుంది.

7. కింది భాగాన్ని మొదట లస్మయ్య భార్య కొమురవ్వకు రాయాలనుకున్నాను. పోయిన వారం వాళ్ళ ఇంటికి వెళ్ళి అయిదో అంశంలోని సంగతంతా చెప్పి, ఇల్లు రాస్తానన్నాను. ఆమె చీరల అంచుల పోగులు కత్తిరిస్తోంది. ఆ పని ఆపకుండానే, “ఇల్లేం జేసుకోను టీచరమ్మా? మా ఆయన అవద్దమాడలేదని నలుగుట్ల జెప్పు. నువ్వు సచ్చినంక గాదు. బతికుండంగనే జెప్పు” అంది.

కాబట్టి వీలునామాలోని తక్కిన అంశాలు నా మరణానంతరం అమలవుతాయి. అయిదోది అంతవరకూ ఆగదు. డిసెంబరు ఏడు, ఆదివారం, మా నేత సమాజం హాలులో దాన్ని నేనే నిలబడి చదువుతాను. మోకాలు సహకరించకపోతే సుమన చేయి పట్టుకోవచ్చు, నా బదులు చదవకూడదు. సదానందం వస్తే రావచ్చు. వచ్చి అడ్డం మాట్లాడితే, గడియారం కూడా ఇవ్వవద్దు.

ఆస్తి పొందేవాళ్ళు సాక్షులుగా ఉండకపోవడం మంచిదని వకీలు చెప్పాడు. కొమురవ్వ ఏమీ తీసుకోలేదు గనుక ఆమెనే అడిగాను.

సూరత్, 2025 నవంబరు 27, గురువారం.

(సంతకం) దూస విజయరాణి

సాక్షులు:

1. పరుశురాం, కిరాణా దుకాణం, మా గల్లీ. (సంతకం)

2. కొమురవ్వ, లస్మయ్య భార్య. అయిదో అంశం రెండుసార్లు చదివించుకుని వేలిముద్ర వేసింది.