దీర్ఘం పోయిన ఆట

డిప్యూటీ ఇనస్పెక్టరు ఆఫ్ స్కూల్సు గారి సముఖమునకు,
కోటబొమ్మాళి దాపున ఒక పల్లెటూరి ఎలిమెంటరీ పాఠశాల సహాయోపాధ్యాయుడు త్యాగరాజు వ్రాసుకొన్న అర్జీ.
తేదీ: 12 ఆగస్టు 1968.

విషయం: శనివారపు ఆటను నిలుపు చేసిన మెమో రద్దు కోరుట గురించి, మరియు ఒక దీర్ఘం గురించి.

అయ్యా,

తమ మెమో జూలై ఇరవై రెండున ముట్టినది. "మీ దినచర్య పుస్తకమందు శనివారము ఎదుట ‘విడాకులట’ అని వ్రాసియున్నారు. ఎవరికి విడాకులు? ఎవరి వలన వింటిరి? ప్రభుత్వ రికార్డునందు ఊరి పుకార్లు ఎక్కించుటకు కారణమేమి?" అని తమరు అడిగియున్నారు. సంజాయిషీ చేరువరకు శనివారపు కార్యక్రమము నిలుపు చేయవలెననియు, సంజాయిషీ సంతృప్తికరముగా లేనిచో ఏజెన్సీకి బదిలీ తప్పదనియు సెలవిచ్చినారు. కావున మనవి చేసుకొనునది ఏమనగా:

1. అది విడాకులట కాదు, విడాకులాట. దీర్ఘం నేనే మరచితిని. దీర్ఘం మరచిన పిల్లలను బెంచీ ఎక్కించే పంతులిని నేను. ఈ లెక్కన తమరు నన్ను బడి కప్పు ఎక్కించినా తక్కువే.

2. ఆట వివరము. మా బడిలో తల్లిదండ్రులు విడిపోయిన పిల్లలు ఏడుగురు. ఈ ఊరి రైతు కుటుంబాల్లో మగడూ పెళ్ళామూ విడిపోదలిస్తే పెద్దలు ఇద్దరి చేతా తమలపాకు ఒకటి నిలువునా చింపించి, చెరొక సగం ఉంచుకోమంటారు. అంతటితో సరి. పిల్లలు అరుగు కింద నుంచుని చూస్తారు. వాళ్ళనెవరూ ఏమీ అడగరు. ఆ పిల్లలే బడికి వచ్చి పలకలు పగలగొడతారు, పక్కవాణ్ణి కొరుకుతారు, గోడ వైపు తిరిగి కూర్చుంటారు. విజయనగరంలో ఉపాధ్యాయుల తరగతులకు పోయినపుడు అక్కడి పెద్దాయన ఒకరు, నోటితో చెప్పలేనిది పిల్లలు ఆటలో చెబుతారనీ, ఇటువంటి వాళ్ళను ఒక జట్టుగా ఆడనివ్వమనీ చెప్పినారు. గత ఫిబ్రవరి నుండి శనివారం ఒంటిపూట బడి అయినాక వరండాలో ఆడనిచ్చాను. లక్కపిడతలూ గుడ్డబొమ్మలూ ఇస్తే పక్కన పెట్టేసి, తమంత తామే ఈ విడాకులాట కల్పించుకొన్నారు. ఒకరు అమ్మ, ఒకరు నాన్న, మిగిలినవారు పెద్దలు. నేను నేర్పలేదు. నేను చేసినదల్లా ఒక మూల కూర్చుని నోరు మూసుకోవడం. పంతులికి అది ఎంత కష్టమో తమకు తెలియనిది కాదు.

3. ఫలితము. అప్పలసూరి అను తొమ్మిదేండ్ల విద్యార్థి పక్క తడుపుట మానినాడు. వాడి తాత జోగయ్య బడికి వచ్చి, "పంతులుగారూ, ఏటి మంతరమేసినారో గానీ, మా ఓడు ఇప్పుడు పొడి సాప మీద నెగుస్తన్నాడు" అన్నాడు. మంత్రము వేయలేదు. జోగయ్య వేలిముద్ర జతచేయడమైనది.

4. మొదట్లోనే ఆటలో ఒక తగవు వచ్చింది. "మరి ఆకు ఎవులు?" అన్నది జట్టులోని బుల్లమ్మ. "ఒసే, ఆకు ఆకేనే, మనిసేటి?" అని అప్పలసూరి కసిరాడు. అప్పుడు వరండా చివర నుంచి ఒక పిల్ల లేచి వచ్చి, మాట లేకుండా, అమ్మకూ నాన్నకూ మధ్య నిలబడి రెండు చేతులూ చాచింది. ఆనాటి నుంచి ప్రతి శనివారం ఆ పిల్లే ఆకు. ఇద్దరూ చెరొక చెయ్యి పట్టుకుంటారు. పెద్దలు "సింపండి" అంటారు. లాగుతారు.

ఆ పిల్ల పేరు జగదీశ్వరి. వయస్సు ఎనిమిది. తండ్రి పేరు త్యాగరాజు, సహాయోపాధ్యాయుడు.

5. మాది ఆకు కాదు, శ్రీకాకుళం కోర్టు డిక్రీ. బడి ఉన్నన్నాళ్ళూ పిల్ల నా వద్ద, సెలవుల్లో విజయనగరంలో తల్లి వద్ద. నేను ఈ ఊరు విడిచినచో పిల్ల తల్లిదే. జనవరిలో డిక్రీ వచ్చిన నాటి నుండి పిల్ల "ఊ", "ఊహూఁ" తప్ప పలకలేదు. నాతో మాట్లాడితే అమ్మకు కోపమనీ, అమ్మతో మాట్లాడితే నాకు కోపమనీ అనుకుందో ఏమో. తల్లి చెడ్డది కాదు. నేనూ చెడ్డవాణ్ణి కాదు. ఈ సంగతి కోర్టువారు అడగలేదు, మేమూ చెప్పలేదు.

జూలై ఇరవై, శనివారం. పెద్దలు "సింపండి" అన్నారు. పిల్ల రెండు చేతులూ గుండెకు లాక్కుని "సినగను" అన్నది. ఆరు నెలల తర్వాత మొదటి మాట. ‘చ’ పలకనివాళ్ళను రోజూ సరిదిద్దే నేను ఆ మాటను సరిదిద్దలేదు. అందరి ముందూ ఏడ్చాను. అప్పలసూరి "పంతులుగారు అవుటు" అన్నాడు.

సోమవారం తమ మెమో వచ్చింది. మూడు శనివారాలు పోయాయి. పిల్ల మళ్ళీ "ఊ" దగ్గరికి వచ్చేసింది.

6. నా ఇరకాటము. విడాకులట అని ఒప్పుకుంటే పుకార్ల నేరము. విడాకులాట అని ఒప్పుకుంటే పసివాళ్ళ చేత విడాకులు ఆడించిన నేరము. ఆట మానితే పిల్లకు మాట లేదు. మానకపోతే బదిలీ, బదిలీ అయితే పిల్లే లేదు. ఎటు తిరిగినా గోడే నాకు. తల ఏ గోడకు కొట్టుకొనవలెనో సెలవిచ్చినచో ఉత్తర్వుల ప్రకారము కొట్టుకొందును.

కావున శనివారం రెండు గంటల సేపు ఆ వరండా మాకు ఇప్పించండి. ఆట పేరు మార్చమంటే మారుస్తాను. "ఆకులతో వినోదము" అని వ్రాస్తాను. "నీతిబోధ" అని వ్రాయమన్నా వ్రాస్తాను. రాబోయే శనివారంలోగానే చిత్తగించవలెను. సోమవారము చిత్తగించినచో పిల్లకు ఇంకొక వారము పోవును.

తమ విధేయుడు
(మెమో ముట్టినది మొదలు మరింత విధేయుడు)
త్యాగరాజు

తా.క. తమ మెమో ఇందుతో తిప్పి పంపుతున్నాను. దాని మీది ఎర్రగీత నేను గీసినది కాదు. అర్జీకి శుద్ధప్రతి వ్రాస్తూండగా జగదీశ్వరి పక్కన కూర్చుని మెమో కూడబలుక్కుని, నా ఎర్ర పెన్సిలు తీసుకుని తమ ‘ల’ మీద దీర్ఘం పెట్టింది. "అట కాదు నాన్నా, ఆట" అన్నది. ప్రభుత్వ కాగితము పాడుచేసినందుకు శిక్ష నాకు వేయండి.

తర్వాత "ఈ శనివారం ఉందా?" అని అడిగింది. ఇది వ్రాసేసరికి ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది. దానికి నేను "ఊ" అనలేదు, "ఊహూఁ" అనలేదు.